నాన్న కొట్టు మీ చేతికొచ్చాక: సమస్యలు - పరిష్కారాలు

ఇది కిరాణా కొట్టును దృష్టిలో పెట్టుకుని రాసింది. బట్టల కొట్టుకూ, హార్డ్‌వేర్ దుకాణానికీ చాలావరకు ఇవే ఇబ్బందులు వస్తాయి. కొట్టు చేతులు మారినప్పుడు పుట్టే తలనొప్పుల్లో ఎక్కువ భాగానికి మూలం ఒకటే: ముప్పై ఏళ్ల లెక్క పెద్దాయన తలలో ఉంటుంది, పుస్తకంలో ఉండదు. ఆయన రోజూ వచ్చి గల్లా దగ్గర కూర్చుంటున్నప్పుడే ఆ లెక్క కాగితం మీదికి ఎక్కాలి.

సమస్య: బేరం బాగానే ఉంది, ఏజెన్సీ బిల్లుకు మాత్రం డబ్బు చాలదు

కారణం: ముందుగా పనివాళ్లను అనుమానించకండి. పాల బిల్లు, పిల్లల ఫీజు, పెళ్లి చదివింపులు అన్నీ గల్లాలోంచే వెళ్తుంటాయి. ఏది ఎంతో పెద్దాయనకు గుర్తుండేది.

పరిష్కారం: పదిహేను రోజులపాటు కొట్టు కట్టేముందు ఈ లెక్క వేయండి. ఉదాహరణకు పొద్దున గల్లాలో 3,000. రోజు అమ్మకం 28,000. అందులో ఫోన్‌లో వచ్చింది 11,000, అరువు 5,000. పాత బాకీ చేతికి వచ్చింది 2,000. ఏజెన్సీకి నగదుగా ఇచ్చింది 9,000. గల్లాలో 8,000 ఉండాలి. 6,400 ఉంటే, ఆ 1,600 ఎటు పోయిందో ఆ రాత్రే అడగండి. మర్నాటికి ఎవరికీ గుర్తుండదు.

తేలిన మొత్తాన్ని బట్టి ఇంటికి నెలకు ఇంత అని ఒకటో తారీఖున ఇచ్చేయండి. ఇంటికి తెచ్చుకునే బియ్యం, నూనె కొన్న ధరకు ‘సొంత వాడకం’ పద్దులో రాయండి. వాటి మీద తీసుకున్న జీఎస్టీ క్రెడిట్ (సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నును మీరు కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం) వెనక్కి కట్టాలి. ఒకే వ్యాపారికి ఒకే రోజు 10,000 దాటి నగదు ఇస్తే, సాధారణంగా ఆదాయపు పన్ను లెక్కలో దాన్ని ఖర్చుగా ఒప్పుకోరు. పెద్ద బిల్లులు బ్యాంకు ద్వారానే కట్టండి.

సమస్య: నాన్న అడిగితే వచ్చే బాకీలు మీరడిగితే రావడం లేదు

కారణం: ఖాతా పుస్తకం తెరవండి. ‘వేపచెట్టు ఇంటావిడ 640’, ‘లారీ ఆయన తమ్ముడు 2,150’ అని ఉంటుంది. పేరు లేదు, తేదీ లేదు, సంతకం లేదు. ఆ బాకీ నడిచింది ఇద్దరి మాట మీద. అందులో మీరు లేరు.

పరిష్కారం: రోజుకు రెండు పేజీల చొప్పున పెద్దాయన పక్కన కూర్చుని ప్రతి పద్దుకూ పూర్తి పేరు, ఫోన్ నంబరు, చివరిసారి ఇచ్చిన తేదీ రాసుకోండి. జీతం రాగానే ఇచ్చేవాళ్లు, పంట డబ్బు చేతికొచ్చాక ఇచ్చేవాళ్లు, ఏడాదిగా ఏమీ ఇవ్వనివాళ్లు అని విడదీయండి. పెద్ద బాకీలున్న ఇళ్లకు ఆయనతో కలిసి ఒక్కసారి వెళ్లండి. “ఇకమీదట అబ్బాయే చూసుకుంటాడమ్మా” అని ఆయన నోటితో చెప్పిస్తే సగం పని అయినట్టే.

అక్కడే నిల్వ బాకీ రాసి, తేదీ వేయించి, సంతకం తీసుకోండి. ఇది మర్యాద తక్కువ పని కాదు. అరువు సరుకు బాకీకి కోర్టుకు వెళ్లే గడువు మామూలుగా 3 ఏళ్లు. గడువు దాటకముందే సంతకం పడితే, ఆ తేదీ నుంచి 3 ఏళ్లు మళ్లీ మొదలవుతాయి. దాటిపోయాక బాకీ ఉన్నానని సంతకం పెట్టినా చాలదు, కడతానని రాసివ్వాలి. కొత్త అరువుకు హద్దు ముందే చెప్పండి: కూలి ఇంటికి వారం, ఉద్యోగి ఇంటికి వచ్చే 5వ తారీఖు వరకు.

సమస్య: “పెద్దాయన ఇలా చెప్పలేదు బాబూ” అంటున్న పాత గుమాస్తా

కారణం: ఆయనకు ఇద్దరు యజమానులు తయారయ్యారు. మీరు వద్దన్న తగ్గింపును నాన్నగారు పదినిమిషాల్లో ఇచ్చేస్తారు.

పరిష్కారం: పని పంచుకోండి. పప్పులు, బెల్లం, మిర్చి నాణ్యత చూసి కొనడం నాన్నగారిది. ఆ చూపు మీకు రావడానికి కొన్ని సీజన్లు పడుతుంది. గల్లా, బిల్లులు, అరువు మీవి. తగ్గింపు ఎంతవరకో ముగ్గురూ కూర్చుని తేల్చుకోండి. గుమాస్తాను ఖాతాదారుల ముందు ఎప్పుడూ సరిదిద్దకండి.

సమస్య: వానాకాలం రాగానే పప్పుల్లో పురుగు

కారణం: కొత్త బస్తాలు పాతవాటి ముందు పడుతున్నాయి. పరిష్కారం: బస్తా మీద వచ్చిన తేదీ రాయండి, పాతదే ముందు విప్పండి. గోడకు మూరెడు ఎడంగా, చెక్క పలకల మీద పేర్చండి.

సమస్య: పెద్దాయన పోయారు, బ్యాంకు ఖాతా ఆగింది, జీఎస్టీ ఎవరి పేరున?

కారణం: కొట్టు ఆయన ఒక్కరి పేరున ఉంటే జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఆయన పాన్‌తో ముడిపడి ఉంటుంది. అది మీకు బదిలీ కాదు.

పరిష్కారం: వరుస తప్పకూడదు. ముందు మీ పాన్ మీద కొత్త జీఎస్టీ. తర్వాత మిగిలిన క్రెడిట్ మీ జీఎస్టీ ఖాతాకు మార్చే ఐటీసీ-02 ఫారం. దీనికి చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువపత్రం కావాలి. ఆ తర్వాతే పాత రిజిస్ట్రేషన్ రద్దు చేయమని ఆర్‌ఈజీ-16 ఫారం. ముందే రద్దు కోరితే క్రెడిట్ చిక్కుల్లో పడుతుంది. వ్యాపారం కొనసాగిస్తే ఆయన పాత పన్ను బాకీ కూడా మీ మీదికే వస్తుంది, నోటీసులు చూసుకోండి. ఫుడ్ లైసెన్స్ మరణించిన తేదీ నుంచి 90 రోజులు చెల్లుతుంది. ఆలోపు మీ పేరున దరఖాస్తు పెట్టండి. కౌంటర్ మీది క్యూఆర్ స్టిక్కర్ ఆయన ఖాతాదైతే అదే రోజు తీసేయండి.

వీలునామా లేకపోతే, హిందూ కుటుంబాల్లో భార్యకూ, కొడుకులకూ, కూతుళ్లకూ సమాన వాటా. తండ్రి తల్లి బతికుంటే ఆవిడకూ ఒక వాటా. పెళ్లప్పుడు కట్నం ఇచ్చామన్నంత మాత్రాన ఆడపిల్ల హక్కు పోదు. అందరూ ఒప్పుకుంటే, మిగతావాళ్లు తమ వాటా వదులుకుంటూ రాసిచ్చే హక్కు విడుదల పత్రం రిజిస్టర్ చేయించుకోండి.

పెద్దాయన ఉండగానే భాగస్వామ్య సంస్థగా మార్చుకోవడం మంచిది. మీరిద్దరే ఉంటే ఒకరు పోగానే సంస్థ రద్దవుతుంది. అమ్మనో, అక్కనో మూడో భాగస్వామిగా చేర్చి, ఒకరు మరణించినా సంస్థ కొనసాగుతుందన్న షరతు ఒప్పందంలో రాయించండి.