ఇంట్లో పెద్ద రీఫ్ అక్వేరియానికి పైపులైన్ ఎలా ప్లాన్ చేసుకోవాలి?

ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. ఇంట్లో రీఫ్, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం పెట్టాలనుకునేవాళ్ళు చాలామంది ఆశపడే సైజు ఇది. నిండా పోస్తే దాదాపు 680 లీటర్లు పడతాయి. రాళ్ళు, ఇసుక, అద్దం, స్టాండు కలిపితే బరువు టన్ను దాటుతుంది కాబట్టి అపార్ట్‌మెంట్ వాళ్ళు ముందు స్లాబు సంగతి ఇంజనీరుని అడగండి. ఆ వెంటనే ఆలోచించాల్సింది పైపుల గురించే. లైట్లు, పంపులు తర్వాతైనా మార్చుకోవచ్చు. నీళ్ళు పోసి చేపల్ని వదిలాక అద్దానికి కొత్త రంధ్రం మాత్రం వేయలేం.

నీళ్ళు తిరిగే దారి సులువే. ట్యాంకులో ఓవర్‌ఫ్లో పెట్టె అంచు దాటి అందులో పడ్డ నీళ్ళు డ్రెయిన్ పైపుల్లోంచి కింద స్టాండులో ఉన్న సంపులోకి దిగుతాయి. సంపు అంటే ఇక్కడ మన ఇళ్ళల్లో నేలకింద ఉండేది కాదు, గాజు తొట్టె. నీళ్ళలోని మలినాల్ని నురగగా తీసే స్కిమ్మర్ లాంటి సామానంతా అందులోనే ఉంటుంది. రిటర్న్ పంపు ఆ నీళ్ళని రిటర్న్ పైపు గుండా మళ్ళీ పైకి పంపిస్తుంది. ఆ పైపు ట్యాంకులో తెరుచుకునే మూతే నాజిల్.

మొదటి పని: కరెంటు పోతే నీళ్ళు ఎక్కడికి పోతాయో లెక్కేయండి

అందరూ పంపు ఎంత పెద్దది కొనాలన్న దగ్గర మొదలుపెడతారు. నా మాట వినండి, పంపు ఆగినప్పుడు ఏమవుతుందన్న దగ్గర మొదలుపెట్టండి. నా మొదటి ట్యాంకు నాలుగడుగులది. రిటర్న్ నాజిల్‌ని నీటిమట్టానికి పది సెంటీమీటర్ల కిందికి పెట్టాను. ఒక రాత్రి కరెంటు పోయింది. పంపు ఆగగానే నీళ్ళు అదే పైపులోంచి వెనక్కి లాగేసుకుని, నాజిల్ మూతి బయటపడేదాకా దిగుతూనే ఉన్నాయి. 54 లీటర్లు. సంపులో అంత చోటు లేదు. తెల్లారి లేచేసరికి హాలంతా ఉప్పునీళ్ళే.

ఆరడుగుల ట్యాంకు లెక్క చూద్దాం. పైభాగం 180 సెంటీమీటర్లు, 60 సెంటీమీటర్లు. అంటే మట్టం ఒక్క సెంటీమీటరు దిగితే 10.8 లీటర్లు. నాజిల్ పైకే ఉండి మొత్తం మూడు సెంటీమీటర్లు దిగిందనుకుంటే 32 లీటర్లు. ఓవర్‌ఫ్లో పెట్టెలో ఓ 18, పైపుల్లో ఓ 5. మొత్తం 55. సంపు 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు ఉంటే అందులో మట్టం దాదాపు పది సెంటీమీటర్లు పెరుగుతుంది. లోపలున్న సామాను కూడా చోటు తింటుంది కాబట్టి నేనైతే పంపు నడుస్తున్నప్పుడు సంపులో పైన 15 సెంటీమీటర్లు ఖాళీ వదులుతాను.

చాలామంది దీనికి రిటర్న్ పైపులో ఎన్.ఆర్.వి. (నీళ్ళని ఒకే వైపు పోనిచ్చే వాల్వు) పెడితే సరిపోతుందంటారు. దాన్ని నమ్ముకోవద్దు. ఉప్పునీళ్ళలో సున్నం, నాచు పేరుకుని ఏదో ఒకరోజు అది పూర్తిగా మూసుకోదు. నీళ్ళు వెనక్కి లాగకుండా పైపుకి పెట్టే గాలి రంధ్రం కూడా అంతే, ఒక నత్త వచ్చి కూర్చున్నా చాలు. నాజిల్‌ని పైకి పెట్టడమే అసలైన రక్షణ.

దీనికి రెండో వైపు కూడా ఉంది. డ్రెయిన్లు మొత్తం మూసుకుపోయి పంపు మాత్రం నడుస్తూ ఉంటే? సంపులో పంపు ఉన్న అరలోని నీళ్ళన్నీ పైకి వస్తాయి. ట్యాంకు అంచు దాకా నాలుగు సెంటీమీటర్ల ఖాళీ ఉంటే అది పట్టేది 43 లీటర్లు. కాబట్టి పంపు అరలో 40 లీటర్లకు మించి నీళ్ళు ఉండకూడదు. ఈ రెండు లెక్కలూ గ్రాఫ్ కాగితం మీద వేసుకున్నాకే సంపు చేయించండి.

డ్రెయిన్లు: మూడు పెట్టండి

ఒక్క పైపు పెడితే గాలీ నీళ్ళూ కలిసి గడగడమని చప్పుడు చేస్తూనే ఉంటాయి, మూసుకుపోతే దిక్కు లేదు. రీఫ్ పెంచేవాళ్ళు బీన్ యానిమల్ అని పిలిచే మూడు పైపుల పద్ధతి నాకు అన్నిటికంటే నచ్చింది. మొదటి పైపులో గాలి లేకుండా నిండుగా నీళ్ళు దిగుతాయి, ప్రవాహాన్ని దాని గేట్ వాల్వుతో సరిచేస్తాం. మిగిలిన కొద్ది నీళ్ళు సన్నటి ధారగా రెండో పైపులో దిగుతాయి. మూడోది ఎప్పుడూ పొడిగానే ఉంటుంది, ఆపదకి. రెండో పైపు పైభాగానికి ఒక సన్న గాలి గొట్టం తగిలించి, దాని కొసని మామూలు నీటిమట్టానికి కొంచెం పైన వంచి పెడతారు. మట్టం పెరిగి ఆ కొస మునిగితే గాలి ఆగిపోయి రెండో పైపు కూడా నిండుగా లాగడం మొదలుపెడుతుంది. సరిగ్గా కుదిరిందంటే పక్కన కూర్చున్నా చప్పుడు వినిపించదు.

మొదటి పైపు కింది కొస సంపు నీళ్ళలో రెండు మూడు సెంటీమీటర్లే మునగాలి. లోతుగా ముంచితే లోపలి గాలి బయటికి పోలేక ధార అందుకోదు. మూడు డ్రెయిన్లకీ ఇంచున్నర పైపు వేస్తే నిశ్చింత.

రంధ్రాలు వేయించేముందు ఆ అద్దం టఫెండ్ (వేడిచేసి గట్టిపరిచింది) కాదని ట్యాంకు చేసేవాళ్ళతో ఖాయం చేసుకోండి. టఫెండ్ గ్లాసుకి డ్రిల్లు తగిలితే ముక్కలైపోతుంది. రంధ్రానికీ అద్దం అంచుకీ మధ్య కనీసం ఆ రంధ్రమంత దూరం ఉండాలి.

రిటర్న్ పైపు, పంపు

సంపు గుండా గంటకి ట్యాంకు నీళ్ళకి ఐదు రెట్లు తిరిగితే చాలు, అంటే 3400 లీటర్లు. పగడాలకి కావాల్సిన అలల కదలిక ట్యాంకులో పెట్టే వేవ్‌మేకర్లు ఇస్తాయి, ఆ భారం ఈ పంపు మీద వేయక్కర్లేదు. పంపు డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే అంకె నీళ్ళని పైకి ఎత్తక్కర్లేనప్పటిది. లోపలి చార్టులో మీ ట్యాంకుకి నీళ్ళు ఎక్కాల్సిన ఎత్తు దగ్గర ఎంత ఇస్తుందో చూసి కొనండి. 3400 లీటర్లు అంగుళం పైపులో వెళ్తే వేగం సెకనుకి దాదాపు 1.7 మీటర్లు, అంగుళంపావు పైపులో దాదాపు ఒక మీటరే. వేగం తగ్గితే రాపిడి తగ్గుతుంది, కరెంటు బిల్లూ తగ్గుతుంది. మలుపుల్లో ఒక 90 డిగ్రీల ఎల్బోకి బదులు రెండు 45 డిగ్రీలవి వాడండి.

పంపు పక్కనే ఒక యూనియన్ (మర విప్పి పైపుని విడదీసే అతుకు) తప్పనిసరి. ఏడాదికి రెండుసార్లయినా పంపు విప్పి కడగాల్సి వస్తుంది, యూనియన్ లేకపోతే పైపు కోయాల్సిందే. అలాగే రిటర్న్ లైనులో రెండు టీలు (మూడు మూతుల అతుకులు) వేసి బాల్ వాల్వులతో మూసి ఉంచండి. మన ఎండలకి చిల్లర్ (నీళ్ళని చల్లబరిచే యంత్రం) పెట్టక తప్పదు, ఆ కనెక్షన్ ఇక్కడినుంచే ఇవ్వచ్చు. ఇంకోటి నీళ్ళు మార్చడానికి. పదిశాతం అంటే 68 లీటర్లు. బకెట్లతో మోయకుండా గొట్టం తగిలించి బాత్‌రూమ్‌కి వదిలేయచ్చు.

షాపుకి వెళ్ళేముందు

ఇక్కడే ఎక్కువమంది డబ్బులు పోగొట్టుకుంటారు. "అంగుళం పైపు" అంటే షాపులో మూడు రకాలు చూపిస్తారు. సీపీవీసీ అంగుళం పైపు బయటి కొలత 28.6 మిల్లీమీటర్లు. ఇంచీల లెక్కన వచ్చే తెల్ల యూపీవీసీది 33.4. మిల్లీమీటర్ల లెక్కన వచ్చేది 32. ఒకదాని ఫిట్టింగు ఇంకోదానికి పట్టదు, పట్టినట్టు అనిపించినా కారుతుంది. ట్యాంకు నిపుల్స్ (అద్దం రంధ్రంలో బిగించి పైపు తగిలించే ఫిట్టింగులు) ముందు కొని, ఒకటి చేత్తో పట్టుకెళ్ళి, దానికి సరిపోయే రకమే మొత్తం తీసుకోండి.

లోహం ఏదీ వద్దు. ఇత్తడిలోని రాగి పగడాలనీ రొయ్యల్నీ చంపేస్తుంది. షాపుల్లో మామూలుగా ఇచ్చే గేట్ వాల్వులు ఇత్తడివి, కాబట్టి ప్లాస్టిక్‌ది అడిగి తెప్పించుకోవాలి. కుళాయి బిగించే సీపీవీసీ ఎల్బోల లోపల కూడా ఇత్తడి మరలు ఉంటాయి, గమనించండి. పైపు మీద లెడ్ ఫ్రీ అని ఉందో లేదో చదవండి.

బిగించడం

అన్నీ ముందు సొల్యూషన్ (పైపు జిగురు) లేకుండా అమర్చి, ప్రతి అతుకు మీద మార్కర్‌తో గీత గీయండి. తర్వాత ఒక్కొక్కటీ విప్పి, సొల్యూషన్ రాసి, గీతలు కలిసేలా అతికించండి. రోజంతా ఆరనివ్వండి. నిపుల్ వాషర్ తలభాగం వైపు, నీళ్ళుండే పక్కన రావాలి. చేత్తో బిగించి పైన పావు తిప్పు చాలు, రెంచీ బలం పెడితే అద్దం పగులుతుంది. పంపు వైరు సాకెట్ కంటే కిందికి వేలాడి మళ్ళీ పైకి వచ్చేలా వదలండి, అప్పుడు కారిన చుక్క సాకెట్లోకి పోదు. 30 మిల్లీ ఆంప్స్ ఆర్.సి.సి.బి. (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) లేకుండా ప్లగ్గు పెట్టద్దు.

ఉప్పు కలిపేముందు

మామూలు నీళ్ళతో నింపి పంపు వేయండి. మట్టం నిలకడకి వచ్చాక స్విచ్ ఆపి, సంపు ఎంతదాకా నిండిందో గీత పెట్టండి. ఇలా పది సార్లు ఆపి వేసి చూడండి, ప్రతిసారీ మొదటి పైపు తనంతట తాను ధార అందుకోవాలి. తర్వాత పంపు నడుస్తుండగానే మొదటి పైపు వాల్వు మూసేసి, మిగిలిన రెండూ మొత్తం నీళ్ళని తీసుకుంటున్నాయో లేదో చూడండి. చివరగా రెండో పైపునీ గుడ్డతో మూసి, మూడోది ఒక్కటే లాగగలదా అన్నది చూడండి. ప్రతి అతుకు కింద టిష్యూ కాగితం పెట్టి రెండు రోజులు నడపండి. కాగితాలన్నీ పొడిగా ఉంటే ఆ నీళ్ళు పారబోసి, ఆర్‌.ఓ. నీళ్ళు పట్టడం మొదలుపెట్టండి.