ర్యాలీ డ్రైవర్లు జట్టు మారుతున్నారన్న వార్తను ఎలా తూచాలి?

ఏటా అక్టోబరు వచ్చేసరికి, మామూలు రోడ్ల మీద కాలంతో పోటీపడే కారు పందేల ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌లో ఎవరు ఏ జట్టుకు వెళ్తున్నారన్న చర్చ మొదలై, జనవరిలో సీజన్ మొదలయ్యే మోంటే కార్లో ర్యాలీ దాకా సాగుతుంది. నారాయణగూడలో మేము ఐదారుగురం ఆదివారం ఉదయం చేరే ఇరానీ హోటల్లోనూ ఆ నాలుగు నెలలు ఇదే మాట. పన్నెండేళ్లుగా నేను ఈ వదంతులను ఒక పుస్తకంలో రాసుకుని, సీజన్ మొదలయ్యాక ఏది నిలిచింది, ఏది తేలిపోయింది అని సరిచూసుకుంటున్నాను. ఈ పనిని చాలామంది తలకిందులుగా చేయడం చూసి చూసి విసిగి ఇది రాస్తున్నాను. వారు డ్రైవర్ పేరుతో మొదలుపెట్టి అతడికి సీటు వెతుకుతారు. మొదలుపెట్టవలసింది సీటుతో.

కావలసినవి

కోఠిలో ఏ దుకాణంలోనైనా దొరికే రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్, పెన్సిల్, రబ్బరు, నీలం సిరా పెన్ను, వచ్చే సీజన్ క్యాలెండర్ ఉంటే చాలు. వదంతికి పెన్సిల్, ఖాయమైనదానికి సిరా. ఫోన్‌లో రాయకూడదు; ఫోన్‌లో దిద్దితే పాత మాట ఆనవాలు లేకుండా పోతుంది, కాగితం మీద చెరిపిన చోట మరక మిగులుతుంది, ఆ మరకే మనకు కావాలి. అట్ట లోపలి వైపు సమయాల తేడా రాసుకోండి. చలికాలంలో టయోటా జట్టు ఉండే ఫిన్లాండ్‌లోని యువాస్కులాలో మధ్యాహ్నం పన్నెండయితే హైదరాబాద్‌లో మూడున్నర, హ్యుందాయ్ జట్టు ఉండే జర్మనీలోని ఆల్జెనావులో పన్నెండయితే నాలుగున్నర, ఎం-స్పోర్ట్ ఉండే ఇంగ్లండ్‌లోని కంబ్రియాలో పన్నెండయితే ఐదున్నర. అధికారిక ప్రకటనలు ఎక్కువగా అక్కడి పనివేళల్లోనే వస్తాయి కాబట్టి, మనకు అర్ధరాత్రి దాటాక వచ్చిన ‘ఇప్పుడే అందిన వార్త’ను తెల్లవారేదాకా పక్కన పెట్టండి.

మొదట సీట్లు లెక్కపెట్టండి

ఒక్కో జట్టుకు ఒక్కో పుట ఇచ్చి, పైన జట్టు పేరు, కింద కార్ల సంఖ్య వేయండి. 2025లో ర్యాలీ1 అనే పై తరగతిలో, కార్ల కంపెనీలకిచ్చే తయారీదారుల పాయింట్ల కోసం పోటీపడినవి ప్రధానంగా మూడు జట్లే: టయోటా, హ్యుందాయ్, ఎం-స్పోర్ట్ ఫోర్డ్. ఒక జట్టు ఒక ర్యాలీలో ఆ పాయింట్ల కోసం మూడు కార్ల దాకా నమోదు చేయవచ్చు, లెక్కలోకి వచ్చేవి వాటిలో మెరుగైన రెండు ఫలితాలు. మూడో కారును ఇద్దరు ముగ్గురి మధ్య పంచడం ఇందువల్లే సాధ్యమవుతుంది. దానిని నేను అర సీటు అంటాను.

అర సీటును పూర్తి సీటుగా లెక్కించడం వల్లనే సగం వదంతులు పుడుతున్నాయి. 2018 డిసెంబరులో హ్యుందాయ్ సెబాస్టియన్ లోబ్‌ను తీసుకున్నప్పుడు ఆ ఒప్పందం 2019లో ఆరు ర్యాలీలకే. మిగిలిన ర్యాలీలలో ఆ కారు ప్రధానంగా డానీ సోర్డోది. ఆ పంపకంలో అప్పటి హ్యుందాయ్ డ్రైవర్ హేడెన్ ప్యాడన్‌కు చోటు దక్కలేదు. 2022లో ఒక టయోటా కారును ఓజియే, లప్పీ అనే ఇద్దరు డ్రైవర్లు పంచుకున్నారు. కాబట్టి ‘ఫలానావాడు వస్తున్నాడు’ అని విన్న వెంటనే ఎన్ని ర్యాలీలకు అని అడగండి. ఆ ప్రశ్నకు జవాబు లేని వార్తను పూర్తి సీటుగా లెక్కించకండి. ఎం-స్పోర్ట్ విషయంలో మరో ప్రశ్న కూడా అడగాలి. అది ఫోర్డ్ మద్దతుతో నడిచే ప్రైవేటు సంస్థ కాబట్టి, డ్రైవర్ వెంట వచ్చే ఆర్థిక మద్దతుకు అక్కడ బరువు ఎక్కువ. ఐర్లాండ్‌కు చెందిన జాష్ మెకర్లీన్ వెనుక ఆ దేశపు ర్యాలీ అకాడమీ ఉన్నట్టు.

తర్వాత కదలిక ఎక్కడ మొదలైందో చూడండి

ఒకరు లేస్తేనే ఇంకొకరు కూర్చుంటారు. 2016 నవంబరులో ఫోక్స్‌వాగన్ తప్పుకుంటున్నట్టు ప్రకటించగానే ఒక్క రోజులో మూడు మంచి సీట్లు మాయమయ్యాయి. ఓజియే ఎం-స్పోర్ట్‌కు, లత్వాలా టయోటాకు చేరగా, మిక్కెల్సెన్ పూర్తి సీటు లేకుండా 2017 మోంటే కార్లోకు స్కోడా కారులో కింది తరగతిలో దిగవలసి వచ్చింది. 2025 అక్టోబరులో కల్లే రొవాన్‌పెరా ర్యాలీలు వదిలి జపాన్‌లోని సూపర్ ఫార్ములా ట్రాక్ రేసులకు వెళ్తున్నట్టు చెప్పినప్పుడు టయోటాలో ఒక పూర్తి సీటు ఖాళీ అయింది. అక్కడి నుంచి బాణం గీస్తే, ఆ సీటుకు వచ్చిన ఆలివర్ సోల్బెర్గ్ పేరు తగులుతుంది. బాణం ఖాళీ సీటు నుంచి బయలుదేరాలి. మనకు ఇష్టమైన డ్రైవర్ దగ్గర బయలుదేరిన బాణాలన్నీ చెరిపేయండి.

క్రియను పట్టుకోండి

అసలు కష్టం ఇక్కడే ఉంది. దీనికి ఒక సాయంత్రమంతా కేటాయించండి, తొందరపడకండి.

మనకు చేరే మాట చాలా చేతులు మారి వస్తుంది. ఎస్టోనియా డ్రైవర్ తన దేశపు పత్రికతో తన భాషలో ఒక మాట అంటాడు. దానిని ఇంగ్లిషులోకి ఒకరు మారుస్తారు, కుదించి శీర్షిక ఇంకొకరు పెడతారు, ఆ శీర్షికను తెలుగులో మన మిత్రుడు పంపుతాడు. ఇన్ని చేతులు మారినా పేరు మారదు, జట్టు మారదు, మారేది క్రియ ఒక్కటే. మన భాషలో ‘అట’ అనే చిన్న మాట ఉంది. చెప్పేవాడు తాను చూడలేదు, విన్నాడు అని ఆ ఒక్క అక్షరం చెబుతుంది. ‘వెళ్తున్నాడట’ అని విన్నవాడు ఇంకొకరికి చెప్పేటప్పుడు ‘వెళ్తున్నాడు’ అంటాడు, ఆ మూడోవాడు ‘వెళ్లిపోయాడు’ అంటాడు. అందువల్ల నా పుస్తకంలో ప్రతి వాక్యం చివర, విన్నది అయితే, ‘ట’ అని రాసి చుట్టూ సున్నా చుడతాను. ఆ సున్నా చెరిపే హక్కు జట్టు ప్రకటనకు మాత్రమే ఉంది.

ఇక వాక్యాన్ని తీసుకోండి. ‘అతడికి మాతో వచ్చే ఏడాదికి ఒప్పందం ఉంది’, ‘అతడు వచ్చే ఏడాది మా కారు నడుపుతాడు’, ‘అతడు ఉండాలని మా కోరిక’, ‘అతడు ఉండే అవకాశం ఉంది’. ఈ నాలుగింటినీ మనవాళ్లు ‘ఉంటున్నాడు’ అని ఒకే మాటగా చదువుతారు. మొదటిది ఇవాళ్టి కాగితం గురించి, రెండోది రేపటి మాట, మూడోది కోరిక, నాలుగోది ఊహ. నాలుగింటికీ పుటలో నాలుగు వేరు వేరు నిలువు గళ్లు ఉండాలి. ఒక గడిలోది ఇంకొక గడిలోకి జరపాలంటే కొత్త వాక్యం రావాలి, మన నమ్మకం గట్టిపడితే సరిపోదు.

‘ఒప్పందం ఉంది’ అన్న మాట దగ్గరే నేను ఘోరంగా తప్పాను. ఓజియే 2019, 2020 రెండు సీజన్లకు సిట్రోయెన్‌తో ఒప్పందం చేసుకున్నాడు. కాగితం ఉంది కదా అని 2019 సెప్టెంబరులోనే 2020 పుటలో అతడి పేరును సిరాతో రాసేశాను. అతడు ఏడాది ముందే బయటకు వస్తున్నాడన్న మాట శరదృతువంతా వినిపించినా ‘అది అట మాత్రమే’ అని పక్కన పెట్టాను. నవంబరులో సిట్రోయెన్ ర్యాలీల నుంచే వైదొలగింది, 2020కి తగిన మొదటి శ్రేణి డ్రైవర్ అందుబాటులో లేకపోవడమే కారణమని ప్రకటించింది. ఓజియే టయోటాకు, అతడి సహచరుడు లప్పీ ఎం-స్పోర్ట్‌కు వెళ్లారు. నా పుస్తకంలో ఒక పేరే కాదు, మొత్తం ఒక జట్టు పుటనే కొట్టేయవలసి వచ్చింది. అప్పటి నుంచి ‘ఒప్పందం ఉంది’ అని వినగానే మూడు ప్రశ్నలు వేస్తున్నాను: ఎప్పటిదాకా ఉంది, పొడిగించే హక్కు ఎవరి చేతిలో ఉంది, ఆ హక్కు ఏ తేదీలోగా వాడుకోవాలి. రెండో ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎందుకంటే పొడిగింపు హక్కు జట్టు చేతిలో ఉంటే డ్రైవర్ ఎంత మాట్లాడినా వదంతికి బలం తక్కువ, డ్రైవర్ చేతిలో ఉంటే అతడి మౌనానికి కూడా బరువుంటుంది.

ఖండనను చదవడం ఇంకా జాగ్రత్తగా చేయవలసిన పని. ‘చర్చలు జరగలేదు’ అనడం ఖండన. ‘దేని మీదా సంతకం చేయలేదు’ అనడం ఖండన కాదు, చర్చ నడుస్తున్నప్పుడు కూడా ఆ మాట నిజమే. ‘ప్రస్తుతం నా దృష్టి ఈ సీజన్ మీదే’ అనడం ఏదీ కాదు. దానిని వెళ్తున్నాడనడానికి సాక్ష్యంగా రాసేవారు కూడా అంతే తప్పు చేస్తున్నారు. టైటిల్ పోరు నడుస్తుండగా జట్టు మారబోయే డ్రైవర్ గానీ, అతణ్ణి పోగొట్టుకోబోయే జట్టు గానీ నోరు విప్పడం అరుదు. ఒట్ తానక్ 2019 అక్టోబరు చివర స్పెయిన్‌లో టయోటా కారుతో ప్రపంచ విజేత అయ్యాడు, ఆ వారంలోనే హ్యుందాయ్ అతణ్ణి తీసుకున్నట్టు ప్రకటించింది. అందుకే టైటిల్ పోరులో ఉన్న డ్రైవర్ పేరు పక్కన, పోరు తేలేవరకు, ఏ గడిలోనూ ఏమీ రాయకూడదు.

చివరగా, ఆ మాట ఒక్క చోటే పుట్టిందా, వేరు వేరు చోట్ల పుట్టిందా అన్నది తేల్చాలి. గత నవంబరులో ఒక సాయంత్రం మా మిత్రుడు హోటల్ బల్ల మీద ఫోన్ పెట్టి, ‘అన్నా, ఏడు చోట్ల వచ్చింది, ఇంకా పెన్సిలేనా?’ అన్నాడు. చాయ్ చల్లారుతుండగా ఏడింటినీ వరుసగా తెరిచి చదివాము. ఆరు కథనాలు ఏడోదానినే ఆధారంగా చూపుతున్నాయి. ఆ ఏడోదానిలో ఉన్నది ‘సర్వీస్ పార్క్‌లో’, అంటే ర్యాలీ మధ్యలో కార్లు బాగుచేసే చోట, ‘వినిపిస్తోంది’ అన్న ఒక్క వాక్యం. మాట పుట్టిన చోటు ఒక్కటే కాబట్టి పుస్తకంలో ఒక్క గీతే పడింది, పక్కన ‘ట’ పడింది. డ్రైవర్ సొంత దేశపు పత్రికకు అతడి ఇంటి వార్త ముందుగా తెలుస్తుంది, నిజమే, కానీ తమవాడికి మంచి కారు దక్కాలన్న ఆశ కూడా ఆ కథనంలో కలిసే ఉంటుంది. అందువల్ల ఆ పత్రిక మాటకు జట్టు ఉన్న దేశం నుంచి, దానిని చూసి రాయని ఇంకొక మాట తోడయ్యేదాకా గీత రెండోది కాకూడదు.

కొందరు ఇదంతా వదిలి ‘డెబ్బై శాతం ఖాయం’ అని అంకెలు వేస్తున్నారు. ఈ పద్ధతిని నేను ఒప్పుకోను. మూడు జట్లలో పట్టుమని పది సీట్లు లేని చోట శాతానికి ఆధారం ఏమిటి? డెబ్బై అన్నవాడిని ఎందుకు అరవై కాదు అని అడిగితే జవాబుండదు. నా పుస్తకంలో ‘కోరిక’ గడిలో ఉన్నది ‘రేపటి మాట’ గడిలోకి ఎందుకు జరిగిందని అడిగితే, జరిపిన వాక్యాన్ని, తేదీని చూపించగలను. అలాగే ‘అక్కడ గొడవపడి వచ్చాడు, మళ్లీ వెళ్లడు’ అన్న వాదనను కూడా లెక్కలోకి తీసుకోకండి. తానక్ 2022 చివర హ్యుందాయ్‌ను వదిలి, 2023లో ఎం-స్పోర్ట్‌కు నడిపి, 2024లో హ్యుందాయ్‌కే తిరిగి వచ్చాడు.

టెస్టులు, ఫొటోలు

వీటికి ఎక్కువ సమయం అక్కర్లేదు. డిసెంబరులో ఫ్రాన్స్‌లోని గాప్ చుట్టుపక్కల కొండదారుల మీద మోంటే కార్లో కోసం జరిగే టెస్టుల ఫొటోలు వస్తాయి. కారులో కూర్చున్నంత మాత్రాన సంతకం అయినట్టు కాదు. 2016 శీతకాలంలో ఓజియే నిర్ణయానికి ముందు ఫోర్డ్ కారునూ టయోటా కారునూ రెండింటినీ నడిపి చూశాడు. డ్రైవర్ ముఖం కన్నా, పక్క సీటులో కూర్చుని దారి చదివి వినిపించే కో-డ్రైవర్ ఎవరో చూడండి. కొత్త జట్టు రంగులు వేసిన కారు బొమ్మలు అసలు చూడకండి, ఎవరైనా ఇంట్లో కూర్చుని గీసేయగలరు.

సిరాతో రాయడం

జట్టు స్వయంగా పేరు, సీజన్, ర్యాలీల సంఖ్య మూడూ చెప్పినప్పుడే సిరా. మూడింటిలో ఒకటి లోపించినా పెన్సిలే. మోంటే కార్లో ఎంట్రీ జాబితా వచ్చాక దానిని పక్కన పెట్టుకుని ప్రతి పుటనూ పేరుపేరునా సరిచూడండి, కో-డ్రైవర్ల పేర్లతో సహా. 2021లో మోంటే కార్లోకు కొద్దిరోజుల ముందు థియెరీ న్యూవిల్, అతడి కో-డ్రైవర్ నికొలాస్ జిల్సూల్ విడిపోయారు, అప్పటికి నా పుట అంతా సిరాతో నిండిపోయి ఉంది. అందుకే ఇప్పుడు కో-డ్రైవర్ల వరుసను జాబితా చూశాకే నింపుతున్నాను.

అర సీట్ల పుటను మాత్రం సీజన్ ఆఖరి ర్యాలీ దాకా పెన్సిల్‌తోనే ఉంచండి, కింద నాలుగు గీతలు ఖాళీగా వదలండి. 2025 జనవరిలో నేను రాసుకున్న టయోటా పుటలో సోల్బెర్గ్ పేరు లేదు. జులైలో అతడు ఆ జట్టు ర్యాలీ1 కారులో ఒక్క ర్యాలీకని వచ్చి ఎస్టోనియాలో గెలిచినప్పుడు, రాయడానికి పుట అడుగున ఒక్క గీత మిగిలి ఉంది.