సింగిల్ ఫేజ్ మీద లేత్ ఖాళీగా బాగా తిరుగుతుంది, కట్ పెడితే నిలబడిపోతుంది: ఎందుకు, ఏం చేయాలి

తిరుపతి, రేణిగుంట, పుత్తూరు, చిత్తూరు పక్కన ఇంటి వెనక రేకుల షెడ్డు వేసి పాత లేత్ (ఇనుమును తిప్పతా చెక్కే మెషిన్) పెట్టుకున్నవాళ్ళ దగ్గర్నించి నాకు వచ్చే ఫోన్లలో చానా వరకు ఇదే మాట. మీటర్ సింగిల్ ఫేజ్ (ఒక్క లైన్, 230 వోల్టులు), మెషిన్ మీదుండే మోటార్ త్రీ ఫేజ్ (మూడు లైన్లు, 415 వోల్టులు), ఎవరో చెప్పినారని సింగిల్‌ని త్రీ ఫేజ్ చేసే కన్వర్టరో, అదే పని చేస్తా స్పీడు కూడా మార్చే వీఎఫ్‌డీ డ్రైవో కొనేస్తారు, మోటార్ నేమ్ ప్లేట్ మాత్రం ఎవురూ చూడరు. దాని మీద ఆయిలు, బురద పేరుకోని ఉంటాది, కిరోసిన్ గుడ్డతో ఒకసారి తుడిస్తే అంతా కనపడతుంది సామీ, డబ్బులు ఇచ్చేముందు చేయాల్సిన పని అదే.

ఎర్తింగ్, ఎంసీబీ లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

సమస్య: మోటార్ గుయ్‌మంటుంది, తిరగదు

ముందు మీటర్ దగ్గర కాదు, మెషిన్ దగ్గర, స్విచ్ వేసిన క్షణంలో వోల్టేజ్ చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు 230 చూపించే లైన్ స్టార్టింగ్‌లో 180కి పడిపోతా ఉంటే తప్పు కన్వర్టర్‌ది కాదు, సన్న వైరుది. షెడ్డుకి ఇంట్లో నుంచి లైట్ల వైరు లాగి దాని మీదే 2 హెచ్‌పీ నడపాలంటే ఎట్ల? 2 హెచ్‌పీ డ్రైవ్ ఫుల్ లోడ్‌లో సింగిల్ ఫేజ్ నుంచి 14, 15 ఆంపియర్ల దాకా లాగుతుంది, మీటర్ నుంచి నేరుగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వేయండి.

వైరు బాగుండి కూడా గుయ్‌మంటా ఉంటే, కండెన్సర్ టైపు కన్వర్టర్ అయితే స్టార్టింగ్ కండెన్సర్ మార్చి చూడండి. ఇంకోటి, బోరు మోటార్లకి వాడే కన్వర్టర్ బాక్సు తెచ్చి లేత్‌కి పెట్టేవాళ్ళు ఉన్నారు. అది రెండు ఫేజుల మధ్య 415 ఉన్నప్పుడు నడిచేది, ఇంటి 230 మీద దానితో ఏమీ కాదు.

సమస్య: ఖాళీగా సూపర్‌గా తిరుగుతుంది, టూల్ దింపితే చక్ (ముక్కను పట్టుకోని తిరిగే భాగం) నిలబడిపోతుంది

ఇదే అందరినీ ముంచేది, అందుకే కొంచెం ఎక్కువ చెప్తాను. పూతలపట్టు పక్క ఒకాయన చెరుకు గానుగ షాఫ్ట్ తిప్పడానికి 2 హెచ్‌పీ లేత్‌కి కొత్త డ్రైవ్ పెట్టించినాడు. స్పీడు కరెక్టు, సౌండ్ లేదు, క్లాంప్ మీటర్ పెడితే ఖాళీ కరెంట్ మామూలు కంటే తక్కువ, కరెంటు కూడా మిగల్తా ఉందని సంతోషపడినాడు. కట్ కొంచెం లోతు పెట్టగానే స్పీడు దిగిపోయి చక్ ఆగిపోయింది, మోటార్ బాడీ మీద చెయ్యి పెట్టలేని వేడి. బెల్ట్ మార్చినాడు, బేరింగులు మార్చినాడు, డ్రైవ్ వాపసు ఇచ్చి ఇంకోటి తెచ్చినాడు, అదీ అట్లే.

కారణం ఏందంటే, మామూలు కన్వర్టరైనా డ్రైవైనా మూడో ఫేజ్ పుట్టిస్తుంది, వోల్టేజ్ పుట్టించదు. లోపలికి 230 పోతే బయట మూడు వైర్ల మధ్య వచ్చేది కూడా 230 ఏ. నేమ్ ప్లేట్ మీద రాసుండేది 415. మోటార్ బలం వోల్టేజ్ వర్గాన్ని బట్టి పడిపోతుంది (వోల్టేజ్ సగమైతే బలం నాలుగో వంతు), 415కి బదులు 230 ఇస్తే సుమారుగా మూడో వంతు కూడా మిగలదు. ఖాళీగా తిరగడానికి అది చాలు, కట్‌కి చాలదు. ఖాళీ కరెంట్ తక్కువ చూపించింది కూడా అందుకే, మోటార్ సగం ఆకలితో ఉంది. ఖాళీ కరెంట్ తక్కువ, లోడ్ మీద వేడి ఎక్కువ, ఈ రెండూ కలిసి కనిపిస్తే ఇంకేమీ విప్పొద్దు, టెర్మినల్ బాక్సు మూత తీయండి.

డ్రైవ్ అయితే స్విచ్ తీసిన తర్వాత పది నిమిషాలు ఆగి ముట్టుకోండి, లోపల కండెన్సర్లలో 300 వోల్టుల పైనే నిలవ ఉంటాది, ఈ మాట తేలిగ్గా తీసుకోవద్దు.

మూత తీసినాక ఆరు బోల్టులు, వాటి మీద ఇత్తడి పత్తీలు (బోల్టులను కలిపే రేకు ముక్కలు) కనిపిస్తే మీ అదృష్టం. ఒక వరస మూడు బోల్టుల మీద పత్తీలు అడ్డంగా కలిపి ఉంటే స్టార్, అంటే మూడు వైండింగుల కొసలు ఒకచోట కలిసిన కనెక్షన్. ఆ పత్తీలు తీసి నిలువుగా, పై బోల్టుకి కింది బోల్టుకి మూడు జతలుగా వేస్తే డెల్టా, అంటే ఒకదాని కొస ఇంకోదానికి గుండ్రంగా కలిసిన కనెక్షన్. 415 స్టార్ మోటార్ డెల్టాలో 230కి ఫుల్ బలం ఇస్తుంది. కరెంట్ మాత్రం 1.73 రెట్లు అవుతుంది, అంటే ప్లేట్ మీద 3.5 ఆంపియర్లు ఉంటే ఇప్పుడు 6 అనుకోవాలి. డ్రైవ్‌లో మోటార్ వోల్టేజ్ 230, కరెంట్ ఈ కొత్త లెక్క పెట్టండి, ఓవర్‌లోడ్ రిలే (కరెంట్ ఎక్కువైతే మోటార్ ఆపేది) ఉంటే దాని సెట్టింగూ మార్చాలి.

మూడు వైర్లే బయటికి వచ్చి ఉంటే? మన దగ్గర 2 హెచ్‌పీ దాకా మోటార్లు చానా వరకు ఇట్లే వస్తాయి, స్టార్ జాయింటు లోపల వైండింగ్‌లోనే కట్టేసి ఉంటాది. రీవైండింగ్ షాపులో ఇస్తే ఆ జాయింటు విప్పి ఇంకో మూడు వైర్లు బయటికి తీస్తారు, మొత్తం చుట్టాల్సిన పని లేదు. పూతలపట్టు లేత్‌కి జరిగింది కూడా ఇంతే.

3 హెచ్‌పీ, అంతకు పైన అయితే కథ మారుతుంది. అవి 415కే డెల్టా కట్టి వస్తాయి, పత్తీలు ఎట్ల తిప్పినా 230కి పనికిరావు. దారులు మూడు: 230కి తిరిగి చుట్టించడం, ముందు స్టెప్ అప్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి 415 తీసుకోవడం, లేదంటే కరెంటు కంపెనీ ఎస్‌పీడీసీఎల్‌కి త్రీ ఫేజ్ సర్వీస్ అప్లై చేయడం. పోల్ మీద మూడు ఫేజులు పోతా ఉంటే నేనైతే మూడోదే చెప్తాను, కన్వర్టర్, ట్రాన్స్‌ఫార్మర్ రెండూ కొనే డబ్బులకి చానా వరకు సర్వీసే వచ్చేస్తుంది. పొలం సర్వీస్ నుంచి లాగే ఆలోచన మాత్రం వద్దు, ఆ కరెంటు వ్యవసాయానికి ఇచ్చింది.

సమస్య: డ్రైవ్ ట్రిప్ అవుతుంది, లేదా ఒక్కసారిగా పోయింది

పాత లేత్‌కి ఫార్వర్డ్ రివర్స్ లివర్ స్విచ్ ఉంటాది కదా, దాన్ని డ్రైవ్‌కి మోటార్‌కి మధ్యలో అట్లే వదిలేస్తారు. తిరుగుతా ఉండగా లివర్ లాగితే డ్రైవ్ పవర్ భాగం కాలిపోతుంది. మోటార్‌ని నేరుగా డ్రైవ్‌కి కలిపి, ఆ లివర్ వైర్లు డ్రైవ్ కంట్రోల్ టెర్మినల్స్‌కి ఇవ్వండి, మెషిన్ వాడే అలవాటు కూడా మారదు.

ఇంకా కొననివాళ్ళకి

ఒక్క లేత్, 2 హెచ్‌పీ లోపు అయితే డ్రైవ్ తీసుకోండి, ఒక సైజు పెద్దది, 1.5 కిలోవాట్ (2 హెచ్‌పీ) మోటార్‌కి 2.2 కిలోవాట్ డ్రైవ్. స్పీడు తిప్పుకోవడం అదనపు లాభం. డ్రిల్లు, గ్రైండరు లాంటి వాటికి కండెన్సర్ టైపు చాలు, మోటార్ మూడింట రెండు వంతుల బలమే ఇస్తుందని తెలిసి తీసుకోండి. మూడు నాలుగు మెషిన్లుంటే రోటరీ కన్వర్టర్, అందులో ఖాళీగా తిరుగుతా మూడో ఫేజ్ పుట్టించే ఐడ్లర్ మోటార్ మీ పెద్ద మోటార్‌కి కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. రోటరీకి కూడా 230 ఇస్తే 230 ఏ వస్తుంది, పైన చెప్పిన గొడవంతా దానికీ వర్తిస్తుంది. దాని మీద కాంటాక్టర్ (కాయిల్‌తో పనిచేసే పెద్ద స్విచ్) టకటకమని కొట్టుకుంటే, దాని కాయిల్‌ని కన్వర్టర్ పుట్టించిన ఫేజ్ మీంచి తీసి మీటర్ నుంచి వచ్చే రెండు వైర్లకి మార్చండి.

బేరింగ్ బిగుసుకోవడం, వైండింగ్ షార్టు, డ్రైవ్ బోర్డు పాడవడం ఉంటాయి, కానీ అరుదు, పైవన్నీ చూసినాకే వాటి దగ్గరికి పోండి.

డెల్టాకి మార్చినవాళ్ళు టెర్మినల్ బాక్సు మూత మీద పెయింటుతో 230 డెల్టా అని పెద్దగా రాయండి. రేపు త్రీ ఫేజ్ సర్వీస్ వచ్చి ఎవరైనా 415 కలిపితే ఆ వైండింగ్ అక్కడే కాలిపోతుంది, కలిపే ముందు పత్తీలు మళ్ళీ స్టార్‌లోకి వేయాలి.