వెన్ను చదవడం – 4వ పాఠం: 17 ముళ్ల లెక్క

పోయిన పాఠంలో ఒక పని ఇచ్చాను. మెడ కింద ఉబ్బుగా తగిలే సి7 (మెడలో ఏడో పూస) దగ్గర మొదలుపెట్టి, ఒక్కో వెన్నుపూస ముల్లునీ (వెనక్కి పొడుచుకొచ్చి చేతికి తగిలే భాగం) వేలితో తడుముకుంటూ నడుము దాకా రండి, ఎల్4 (నడుములో నాలుగో పూస) దగ్గర ఆగండి, దారిలో ఎన్ని తగిలాయో రాసుకోండి అన్నాను. రావలసింది 17. మెడది (సి) 1, ఛాతీవి (టి) 12, నడుమువి (ఎల్) 4. మీలో ఎక్కువ మందికి 15 లేదా 16 వచ్చింది. కొందరికి 18. ఒకరికి 20 వచ్చింది, మూడుసార్లు లెక్కపెట్టినా 20 వచ్చిందట.

ఈ పాఠంలో వీపు కండరాలన్నీ చెబుదామనుకున్నాను. ఇప్పుడు సగమే చెబుతాను. ఏ ముల్లు ఏదో తెలియకుండా ఏ కండరం ఎక్కడ అతుక్కుందో చెప్పుకుంటే అది బట్టీ పట్టడమే అవుతుంది, వేలికి ఏమీ రాదు.

మొదట 18 వచ్చినవాళ్లు. మీరు సి6 దగ్గర మొదలుపెట్టారు. మెడ కింద అన్నిటికంటే ఉబ్బుగా ఉండేది సి7 అని పుస్తకాల్లో ఉంటుంది, నేనూ అలాగే రాసి వదిలేశాను. అది నా పొరపాటే. చాలామందిలో అది నిజం. కొందరిలో సి6 ఎక్కువ ఉబ్బుగా ఉంటుంది, కొందరిలో టి1. అందుకే ఉబ్బును నమ్మకుండా కదలికను చూడండి. ఎదుటి మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి, తల కొంచెం వంచమనండి. బాగా పైకి తేలిన రెండు ముళ్ల మీద రెండు వేళ్లు పెట్టండి. ఇప్పుడు తలను మెల్లగా వెనక్కి వాల్చమనండి. సి6 మీ వేలి కింద నుంచి ముందుకు జారి మాయమైపోతుంది. సి7 ఉన్నచోటే ఉంటుంది. రెండూ మాయమైతే మీరు ఇంకా పైన ఉన్నారన్నమాట, ఒకటి దిగండి. రెండూ కదలకపోతే కిందికి వచ్చేశారు, ఒకటి ఎక్కండి. వయసు పైబడి మెడ బిగుసుకుపోయినవాళ్లలో ఈ పరీక్ష సరిగా తేలదు, నేర్చుకునేటప్పుడు వాళ్ల దగ్గర మొదలుపెట్టకండి.

15, 16 వచ్చినవాళ్ల తప్పు ఒక్కచోట లేదు. కొందరు ఛాతీ మధ్యలో ఒక ముల్లును దాటేశారు. అక్కడ ముళ్లు ఒకదాని మీద ఒకటి వాలి, సందు తగలనంత దగ్గరగా ఉంటాయి. ఒక వేలితో లెక్కపెడితే ఎవరికైనా తప్పుతుంది. రెండు వేళ్లు వాడండి. పై వేలు ముల్లు మీదే ఉండాలి, కింది వేలు తర్వాతి ముల్లు వెతకాలి, అది దొరికాకే పై వేలు లేవాలి. చీమ నడిచినట్టు. బొటనవేలు మాత్రం వద్దు. దాంతో నొక్కుతారు తప్ప తడమరు. నేను చూపుడువేలు, మధ్యవేలు కొసలు వాడతాను. నూనె రాయను, వేలు జారితే లెక్కా జారుతుంది.

మిగతావాళ్లు కింద ఆగాల్సిన చోటుకు ముందే ఆగిపోయారు. నడుముకు రెండు పక్కలా తగిలే తుంటి ఎముకల పై అంచుల్ని కలుపుతూ ఒక గీత ఊహించుకోండి అన్నాను కదా. దాన్ని టఫియే గీత అంటారు, ఫ్రాన్స్ సర్జన్ పేరు అది. ఆ గీత ఎల్4 ముల్లు మీద గానీ, ఎల్4-ఎల్5 సందు మీద గానీ పడాలి. కానీ అది ఎక్స్‌రేలో కనిపించే ఎముక గీత. మనం తడిమేటప్పుడు ఎముకకూ వేలికీ మధ్య చర్మం, కొవ్వు ఉంటాయి. చేతులు వాటి మీద కూర్చుంటాయి కాబట్టి మన గీత నిజమైన గీత కంటే పైన పడుతుంది. లావుగా ఉన్నవాళ్లలో, గర్భిణుల్లో ఇంకా పైన. మీరు ఎల్4 అనుకుని ఆగింది ఎల్3 దగ్గర.

ఇది చిన్న విషయం కాదు. సిజేరియన్‌కు ముందు వెన్నుకు ఇచ్చే మత్తు ఇంజెక్షన్ మీలో చాలామందికి తెలుసు. డాక్టర్లు దాన్ని ఎల్3-ఎల్4 సందులోనో, ఎల్4-ఎల్5 సందులోనో ఇస్తారు. పెద్దవాళ్లలో వెన్నుపాము సాధారణంగా ఎల్1, ఎల్2 దగ్గరే ముగుస్తుంది. దాని కింద నీళ్లలో తేలే నరాల కుచ్చు మాత్రమే ఉంటుంది, సూది వస్తే పక్కకు తప్పుకుంటుంది. వేలి లెక్క ఒకటి రెండు పూసలు పైకి తప్పితే సూది వెన్నుపాముకు దగ్గరవుతుంది. మనం సూదులు వేయం. కానీ లెక్క విషయంలో మనకూ అంత భయం ఉండాలి.

దీనికి నేను వాడే ఉపాయం: తుంటి ఎముక అంచును పక్క నుంచి లోపలికి గట్టిగా అదిమి, కొవ్వును పైకి నెట్టి, అప్పుడు కిందికి దిగుతూ ఎముకను పట్టుకుంటాను. తర్వాత కింద నుంచి కూడా సరిచూస్తాను. నడుము దిగువన రెండు పక్కలా చిన్న గుంటలు ఉంటాయి కదా, వాటిని కలిపితే ఎస్2 (నడుము కింది త్రికాస్థిలో రెండో పూస). అక్కడి నుంచి మధ్య గీతలో పైకి రండి. ఎస్1 చిన్నది, ఒక్కోసారి తగలదు. దాని పైన ఎల్5 చిన్న పల్లంలో ఉంటుంది. దానిపైన పెద్దగా, వెడల్పుగా తగిలేది ఎల్4. పై నుంచి వచ్చిన ఎల్4, కింద నుంచి వచ్చిన ఎల్4 ఒకటే అయితేనే పెన్సిల్ గుర్తు పెట్టండి. 12వ పక్కటెముకను పట్టుకుని టి12 గుర్తించమని కొందరు చెబుతారు. నాకది నచ్చదు. ఆ ఎముక కొందరిలో చాలా పొట్టి, కొందరిలో వేలికే దొరకదు.

20 వచ్చినాయన విషయం వేరు. ఆయన మనిషిని మంచం మీద బోర్లా పడుకోబెట్టి, చేతులు రెండు పక్కలా కిందికి వేలాడదీయించారు. రెక్క ఎముక కింది కొన టి7 దగ్గర ఉంటుందని నేను చెప్పిన మాట పట్టుకుని, దాంతో లెక్క సరిచూశారు. చేతులు వేలాడితే రెక్క ఎముక తిరిగిపోతుంది, కొన చోటు మారిపోతుంది. టి7 అన్నది నిటారుగా నిలబడి, చేతులు పక్కన వదిలేసినప్పటి లెక్క. అప్పుడు కూడా కొందరిలో టి8 దాకా దిగుతుంది. దాన్ని దారిలో కనిపించే ఊరి బోర్డులా చూడండి, కిలోమీటరు రాయిలా నమ్మకండి.

ఇక ఈ పాఠంలో నేను ఎక్కువసేపు ఆగే చోటు. ప్రతి బ్యాచ్‌లోనూ, బాగా చదివేవాళ్లు కూడా ఇక్కడే పడతారు, నాకు ఓపిక పోయేదీ ఇక్కడే. టి7 ముల్లు మీద వేలు పెట్టి "లోపల ఉన్నది టి7 పూస" అంటారు. కాదు. మీ వేలికి సూటిగా లోపల ఉన్నది దాదాపు టి8 పూస.

పెంకుటింటి కప్పు గుర్తు చేసుకోండి. ఒక పెంకు కింది కొస దాని కింది పెంకు మీదికి వాలి ఉంటుంది. కొస మీద వేలు పెట్టి నిలువుగా పొడిస్తే వేలు గుచ్చుకునేది కింది పెంకును. వీపు మధ్యలో ముళ్లు సరిగ్గా అలాగే వాలి ఉంటాయి. మెడ దిగువన, ఛాతీ మొదట్లో ముళ్లు దాదాపు అడ్డంగా ఉంటాయి కాబట్టి టి1, టి2, టి3 కొసలు తమ పూసల మట్టంలోనే ఉంటాయి. టి4 నుంచి టి6 దాకా కొస అర పూస దిగుతుంది. టి7, టి8, టి9ల్లో ఒక పూస మొత్తం దిగుతుంది. టి10 కూడా అంతే, టి11 అర, టి12 మళ్లీ తన మట్టంలో. నడుము పూసల ముళ్లు గొడ్డలి రేకుల్లా వెడల్పుగా వెనక్కి సూటిగా వస్తాయి, అక్కడ ఈ గొడవ లేదు. ఈ మూడేసి లెక్క మనుషుల్ని బట్టి అటూ ఇటూ అవుతుంది, కానీ వాలు ఎటు ఉందో మరిచిపోకుండా కాపాడుతుంది.

ఒక ఉదాహరణ. వీపు మధ్య నొప్పితో ఒకామె వచ్చింది. ఒక ముల్లు మీద తట్టితే నొప్పి అంది. లెక్కపెట్టారు, టి8. ఆ ముల్లు టి8దే, అందులో తప్పు లేదు. కానీ ఎక్స్‌రేలో టి8 పూస వెతకాలంటే మీ వేలి మట్టానికి ఒక పూస పైన చూడాలి. మట్టంలోనే వెతికితే టి9ని చూసి "ఏమీ లేదు, బాగానే ఉంది" అంటారు. మన దగ్గర వెన్ను టీబీ ఇంకా ఉంది, అది ఎక్కువగా ఛాతీ కింది భాగంలో, నడుము పైభాగంలో పూసల్ని పట్టుకుంటుంది. సరైన పూసను వదిలేసి కింది పూసను చూసి మంచిదని పంపించేస్తే ఏమవుతుందో ఊహించండి. మరో ఉదాహరణ పక్కటెముకలది. 8వ పక్కటెముక టి7, టి8 పూసల మధ్య కీలు పెట్టుకుంటుంది. టి7 ముల్లు కొస నుంచి పక్కకు జరిగితే మీకు తగిలేది 7వది కాదు. అందుకే "ముల్లు నంబరే పక్కటెముక నంబరు" అని రాసిన సమాధానాలన్నీ కొట్టేశాను.

ఇప్పుడు కండరాలు. పైపొరలో ట్రపీజియస్ (మెడ, భుజాల నుంచి వీపు మీదికి దిగేది), లాటిసిమస్ డోర్సై (వీపు కింది భాగం నుంచి చేతి దాకా వెళ్లేది) మీకు తెలిసినవే, బొమ్మలో చూసుకోండి. వేలి లెక్క కుదిరాక ఒక్క విషయం చేతితో చూడండి. ట్రపీజియస్ కింది కొస టి12 ముల్లు దగ్గర ముగుస్తుంది, లాటిసిమస్ టి7 నుంచి మొదలవుతుంది. అంటే టి7 నుంచి టి12 దాకా ఒకటి మీద ఒకటి ఉంటుంది. చాలామంది ట్రపీజియస్‌ను భుజాల కండరం అనుకుని వీపు సగం దాకా దిగుతుందని మరిచిపోతారు.

ఎక్కువ ఆగాల్సింది లోపలి కండరం దగ్గర. మధ్య గీతకు రెండు వేళ్ల దూరంలో రెండు పక్కలా తాళ్లలా తగిలేవి ఎరెక్టర్ స్పైనే. బయటి నుంచి లోపలికి ఇలియోకోస్టాలిస్, లాంజిసిమస్, స్పైనాలిస్ అని మూడు వరుసలు. పోయినసారి ఇద్దరు ఈ తాళ్లను చూసి "వాపు ఉంది, గడ్డలా ఉంది" అని రాశారు. గడ్డ కాదు, పనిచేస్తున్న కండరం. నిలబడ్డ మనిషిని కాస్త ముందుకు వంగమంటే గట్టిపడుతుంది. అదే మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, టేబుల్ మీద దిండు వేసి తల ఆనించమంటే రెండు నిమిషాల్లో మెత్తబడుతుంది. నేను ముళ్లు లెక్కపెట్టడం ఎప్పుడూ ఇలా కూర్చోబెట్టే. పక్కన తాళ్లు బిగిసి ఉంటే ముల్లు వాటి మధ్య లోయలో దాక్కుంటుంది, తగలదు.

ఎడమ కాలి మీద నిలబడి కుడి కాలు కొంచెం ఎత్తమనండి. కుడి వైపు నడుము తాడు వేలి కింద బిగుసుకుంటుంది, తుంటి కిందికి జారకుండా పట్టుకోవడంలో అదీ తోడ్పడుతుంది. కాళ్లు మార్చి చూడండి.

పూర్తిగా వంగితే మాత్రం ఆశ్చర్యం. నడుము నొప్పి లేని మనిషి పూర్తిగా ముందుకు వంగి వేలాడితే ఈ కండరం దాదాపు పని మానేస్తుంది. కండరం మీద యంత్రం పెట్టి చూస్తే విద్యుత్ సంకేతం ఆగిపోవడం కనిపిస్తుంది. బరువంతా పూసల వెనక ఉన్న బంధనాల మీద, సాగిన కణజాలం మీద పడుతుంది. వరినాట్లు వేసే ఆడవాళ్లు గంటల తరబడి ఉండేది ఈ భంగిమలోనే. సాయంత్రం లేచేటప్పుడు నడుము పట్టేసిందంటే కండరం మీద తైలం రుద్దితే సరిపోతుందనుకోకండి. రోజంతా లాగబడింది దాని కింద ఉన్నవి.

అభ్యాసం. ఈసారి గట్టిగానే ఇస్తున్నాను. ముగ్గురిని ఎంచుకోండి. ఒకరు సన్నగా, ఒకరు లావుగా, ఒకరు 60 దాటినవాళ్లు. ముందే అడిగి, ఒప్పుకున్నవాళ్లనే. ఎముకలు పెళుసైనవాళ్లను గట్టిగా నొక్కకండి, ఈమధ్య కిందపడ్డవాళ్లను అసలు ముట్టుకోకండి. కనుబొమల పెన్సిల్‌తో సి7 నుంచి ఎల్4 దాకా ప్రతి ముల్లు మీదా చుక్క పెట్టండి. చుక్కలున్న వీపును ఫోటో తీసి, తుడిచేయండి. మూడో రోజు, మొదటి ఫోటో చూడకుండా మళ్లీ పెట్టండి. రెండు ఫోటోల్లో టి7, ఎల్4 చుక్కలు ఒకేచోట పడ్డాయా చూడండి.

ముగ్గురిలో ఒకరిలోనైనా 17 రాకపోతే వచ్చిన సంఖ్యనే రాసి పంపండి. 17 చేసి పంపకండి. నడుములో 5 పూసలకు బదులు 4 గానీ 6 గానీ ఉన్నవాళ్లు నిజంగానే ఉంటారు, మీకు అలాంటి వీపే దొరికి ఉండొచ్చు.