బెంగళూరు శాకాహార హోటళ్లలో ఏ వేళకు ఏమి అడగాలి

బెంగళూరులో శాకాహార హోటళ్లకు కొదవ లేదు. అయినా తెలుగు ఊళ్ల నుంచి కొత్తగా వచ్చినవారు చాలామంది దొరికిన హోటల్లో కూర్చుని, మెనూ కార్డు ఆసాంతం చదివి, మధ్యాహ్నం ఒంటిగంటకు ఇడ్లీ, సాయంత్రం నాలుగు గంటలకు భోజనం అడిగి, వచ్చినదానితో సరిపెట్టుకుని లేస్తారు. ఇక్కడ వంటకం ఎంచుకునే ముందు వేళ ఎంతయిందో, వెళ్తున్నది ఏ తరహా హోటలో చూసుకోవాలి.

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేవి దర్శినులు. 1980 దశకంలో జయనగర ప్రాంతంలో మొదలై నగరమంతా వ్యాపించిన ఈ హోటళ్లలో కుర్చీలు ఉండవు, ఉన్నా నాలుగైదే ఉంటాయి. నిలబడి తినడమే ఆచారం. ముందు క్యాష్ కౌంటర్ దగ్గర డబ్బు కట్టి బిల్లు తీసుకోవాలి, దాన్ని టిఫిన్ కౌంటర్లో చూపించాలి, కాఫీకి వేరే కౌంటరు ఉంటే మళ్లీ అక్కడికి వెళ్లాలి. కాబట్టి వరుసలో నిలబడి ఉండగానే ఏమి కావాలో తేల్చుకోండి. క్యాషియరు ముందు నిలబడి ఆలోచిస్తే వెనకవాళ్లు ఊరుకోరు. ధరల బోర్డు కన్నడంలోనే ఉన్నా బెదిరిపోనక్కర్లేదు, తెలుగు చదవగలిగినవారు కొంచెం ఓపిక పడితే ఆ లిపిని చాలావరకు కూడబలుక్కోగలరు. ఇడ్లీ వడ అడిగితే కౌంటరులోని మనిషి ‘డిప్పా?’ అంటాడు, సాంబారులో ముంచి ఇవ్వాలా, విడిగా పోయాలా అని దాని భావం. వడ కరకరలాడుతూ ఉండాలనుకుంటే విడిగా అడగడమే మేలు. మన బొంబాయి రవ్వ ఉప్మాకు దగ్గరి చుట్టమైన ఖారాబాత్, తీపి కేసరిబాత్ రెండూ ఒకే ప్లేటులో పక్కపక్కన కావాలంటే ‘చౌచౌ బాత్’ అంటే చాలు. ఇడ్లీ, ఖారాబాత్ ఉదయం బాగుంటాయి, పప్పు, కూరగాయలు కలిపి వండే అన్నమైన బిసిబేళెబాత్ మధ్యాహ్నం బాగుంటుంది, దోసె మాత్రం ఎప్పటికప్పుడు పెనం మీద నుంచి దిగుతుంది కాబట్టి సాయంత్రమైనా నమ్మవచ్చు. అదే బోర్డు మీద కనిపించే గోబీ మంచూరియా, పనీర్ కూరల కోసం దర్శినికి వెళ్లడం అనవసరమని నా అభిప్రాయం.

పాత టిఫిన్ రూముల పద్ధతి వేరు. లాల్‌బాగ్ రోడ్డులోని మావళ్లి టిఫిన్ రూమ్స్, అంటే అందరూ ఎం.టి.ఆర్. అని పిలిచేది, 1924 నాటిది. గాంధీబజారులోని విద్యార్థి భవన్ 1943లో మొదలైంది. మల్లేశ్వరంలో వెన్న దోసెకు పేరుపడ్డ సి.టి.ఆర్. కూడా ఆ పాత తరానిదే. ఇక్కడ పేరు రాయించుకుని పిలుపు కోసం కాచుకోవాలి, కుదిరితే ముక్కూమొహం తెలియనివాళ్లతో ఒకే బల్ల పంచుకోవాలి, అందులో నామోషీ పడవలసింది ఏమీ లేదు. ఆదివారం ఉదయం గంటసేపు నిలబడే ఓపిక లేనివారు మామూలు రోజున తెల్లవారగానే వెళ్లాలి. ఉదయం టిఫిన్‌కూ మధ్యాహ్నానికీ నడుమ కొన్ని గంటలు మూసి ఉంచడం, వారంలో ఒకరోజు సెలవు పాటించడం వీటిలో చాలాచోట్ల అలవాటు కనుక, బయలుదేరే ముందే విచారించుకోండి.

ఒక్కో చోట ఒక్కో వంటకానికి పేరు. ఎం.టి.ఆర్.లో రవ్వ ఇడ్లీ అడగండి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బియ్యానికి కొరత ఏర్పడినప్పుడు బొంబాయి రవ్వతో ఇడ్లీ వేయడం తమ వంటింట్లోనే మొదలైందని ఆ సంస్థవారు చెబుతారు. విద్యార్థి భవన్‌లో మసాలా దోసె ముదురు రంగులో దళసరిగా, పైన కరకరలాడుతూ లోపల మెత్తగా ఉంటుంది. సర్వరు దోసె ప్లేట్లను చేతి మీద దొంతరగా పేర్చుకుని మోసుకొస్తాడు. అక్కడ దోసెకు తోడుగా వచ్చేది చట్నీయే. శంకరపురంలోని బ్రాహ్మణ్స్ కాఫీ బార్‌లో కూడా ఇడ్లీకి చట్నీ తప్ప సాంబారు ఇవ్వరు, అడిగి ప్రయోజనం లేదు.

సాంబారు విషయంలో తెలుగువారికి ముందే హెచ్చరిక అవసరం. ఉడుపి వంటవారి చేతిలో రూపుదిద్దుకున్న బెంగళూరు సాంబారులో బెల్లం పడుతుంది, కారం తక్కువగా ఉంటుంది. ఇది వంట చెడిపోవడం కాదు, వారి రుచే అంత. నచ్చకపోతే చట్నీ మళ్లీ అడిగి వేయించుకోండి. మసాలా దోసెలో ఎర్ర చట్నీ పూయడం చాలాచోట్ల ఉంది, అది కొంతవరకు నాలుకను ఊరడిస్తుంది.

భోజనానికి వెళ్లినప్పుడు మన వరుసను కాసేపు పక్కన పెట్టాలి. మనం పప్పూ నెయ్యితో మొదలుపెట్టి చారు దగ్గర మందగిస్తాం. కన్నడ భోజనంలో చాలాచోట్ల సారు ముందే వస్తుంది, పప్పు, కూరగాయలు కలిసిన హుళి ఆ తర్వాత వస్తుంది. నానబెట్టిన పెసరపప్పుతో చేసే కోసంబరి, పల్య అనే కూర విస్తరి అంచున కొంచెం కొంచెంగా వడ్డిస్తారు. తీపి చివరి దాకా ఆగదు, నడుమనే వస్తుంది. వడ్డించేవాడు చకచకా తిరుగుతుంటాడు కనుక చాలు అనుకున్నప్పుడు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టడమే మార్గం, నోటితో చెప్పేలోగా గరిటె వంగిపోతుంది. ఆవకాయ, ముద్దపప్పు లేనిదే ముద్ద దిగనివారికి నగరంలో ఆంధ్రా మీల్స్ హోటళ్లు ఎన్నో ఉన్నాయి. అయితే వాటిలో చాలావరకు మాంసాహారం కూడా వండుతారు, నిష్ఠ ఉన్నవారు శుద్ధ శాకాహారమని బోర్డు మీద ఉందో లేదో చూసుకోవాలి.

కాఫీలో చక్కెర ముందే కలిపి ఇచ్చే చోట్లు ఎక్కువ. తక్కువ కావాలంటే ‘సక్కరె కడిమె’ అని, అసలు వద్దంటే ‘సక్కరె బేడ’ అని ముందే చెప్పాలి. ఇద్దరికి ఒక కాఫీ చాలనుకుంటే ‘బై టూ’ అడగండి, ఒకటే కాఫీని రెండు గ్లాసుల్లో పోసి ఇస్తారు, దాన్ని ఎవరూ పిసినారితనంగా చూడరు.

కూర్చుని తినే హోటళ్లలో బిల్లుపై 5 శాతం జీఎస్టీ వేయడం మామూలే. కాంపొజిషన్ పద్ధతి కింద, అంటే తమ మొత్తం అమ్మకాలపై నిర్ణీత శాతం పన్నును తామే కట్టే పద్ధతి కింద నమోదైన చిన్న హోటళ్లు మాత్రం ఆ పన్నును గ్రాహకుని దగ్గర విడిగా వసూలు చేయకూడదు. పెద్ద ఏసీ హోటళ్లలో సర్వీస్ చార్జ్ అని మరో పద్దు కనిపిస్తే, అది కట్టడం మన ఇష్టమే కానీ తప్పనిసరి కాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది కాబట్టి, వద్దనుకుంటే తీసివేయమని మర్యాదగా అడగవచ్చు.