ఫోటో పోస్ట్ చేసే ముందు చూసుకోవాల్సినవి

ముందు ఫోటోను పెద్దది చేసి చూడండి. వెనకాల బల్ల మీద గుర్తింపు కార్డో, బ్యాంకు కాగితమో పడిందా? ఆ భాగం కత్తిరించేయండి. ఫోన్ ఎడిటింగ్‌లోని పెన్ను గీతతో దాచితే చాలదు, వెలుతురు పెంచితే అంకెలు మళ్లీ కనిపించవచ్చు.

బోర్డింగ్ పాస్ అసలు పెట్టకండి. దాని బార్‌కోడ్‌లో మీ పేరు, బుకింగ్ నంబరు ఉంటాయి.

కెమెరాలో లొకేషన్, అంటే ఫోటో తీసిన చోటును ఫోటోతో పాటే నమోదు చేసే సెట్టింగ్, ఆపేశారా?

పుట్టినరోజు పోస్టులో ఏడాది వద్దు. "మీ మొదటి బడి ఏది? పెంపుడు కుక్క పేరేంటి?" అంటూ సరదాగా తిరిగే ప్రశ్నలకు జవాబివ్వకండి. పాస్‌వర్డ్ మర్చిపోయినప్పుడు కొన్ని ఖాతాలు అడిగేవి సరిగ్గా ఇవే. నాకు అన్నిటికంటే భయం వీటితోనే, దొంగకు కావాల్సింది మనమే ఇష్టంగా చెప్పేస్తాం.

పిల్లల పూర్తి పేరు, పుట్టిన తేదీ ఒకేచోట రాయకండి.