గుర్రపు పిల్ల మీద మొదటిసారి జీను వేసే ముందు

డిసెంబరు, జనవరి నెలల్లో నాందేడ్ జిల్లా మాళేగావ్ జాతర, తాపీ ఒడ్డున సారంగ్‌ఖేడా సంత ముగిశాక మన ఊళ్ళలోకి కొత్త గుర్రపు పిల్లలు దిగుతుంటాయి. మార్వాడీ, కాఠియావాడీ రకాలు. లోపలికి వంపు తిరిగి కొసలు దాదాపు కలిసే ఆ చెవులు చూసి మనసు పారేసుకుని కొనేస్తారు. ఇంటికి తెచ్చాక అందరిదీ ఒకటే ప్రశ్న: ఎప్పటినుంచి ఎక్కొచ్చు? ఫిబ్రవరి పెళ్ళిళ్ళకి తయారవుతుందా అని అడిగేవాళ్ళూ ఉన్నారు. తయారవదు. ఈ ఏడాదే కాదు, వచ్చే ఏడాది కూడా బరాత్ ఆలోచన పెట్టుకోకండి.

ముందు వయసు తేల్చుకోండి. అమ్మేవాడు మూడేళ్ళు అంటాడు. ఆ మాట పక్కన పెట్టి కింది పెదవి తీసి ముందు పళ్ళు చూడండి. పాలపళ్ళు చిన్నగా, తెల్లగా, చిగురు దగ్గర సన్నబడి ఉంటాయి. అసలు పళ్ళు వెడల్పుగా, కాస్త పసుపు రంగులో వస్తాయి. మధ్య జత సుమారు రెండున్నరేళ్ళకి, దాని పక్క జత మూడున్నరకి, చివరి జత నాలుగున్నరకి మారుతుంది. మధ్య రెండూ ఇంకా పాలపళ్ళే అయితే మీ చేతిలో ఉన్నది రెండున్నర కూడా నిండని పిల్ల. చూడటం చేతకాకపోతే పశువైద్యుణ్ణి పిలవండి, ఎలాగూ పిలవాల్సిన పనులు ఇంకా ఉన్నాయి.

వయసు గురించి ఇంత పట్టుదల ఎందుకంటే ఎముక. ముందు మోకాలి దగ్గర ఎముక పెరిగే చోటు గట్టిపడేసరికి రెండేళ్ళు దాటుతుంది. వెన్నుపూసలకి అయిదారేళ్ళు పడుతుంది. మనం కూర్చునేది వెన్ను మీద. "మలక్‌పేట రేసుల్లో రెండేళ్ళ గుర్రాలు పరిగెడుతున్నాయి కదా" అంటారు. నిజమే. అక్కడ పైన కూర్చునేది యాభై, అరవై కిలోల జాకీ, పక్కనే డాక్టరు, కింద చదును చేసిన ట్రాకు. అన్నీ ఉన్నా కాళ్ళు దెబ్బతినే పిల్లలు ఉంటాయి. మన పెరట్లో ఎనభై కిలోల బావమరిది ఎక్కడం వేరు. జీనుతో కలిపి గుర్రం బరువులో అయిదో వంతు మించకూడదన్నది పెద్ద గుర్రానికి చెప్పే లెక్క. మూడు వందల కిలోల పిల్లకి అదే అరవై అవుతుంది, మొదట్లో అంతకన్నా తక్కువే మంచిది. నా లెక్కలో మూడేళ్ళు నిండాక తేలికపాటి మనిషి, నాలుగు దాటాక మామూలు సవారీ.

అసలు దెబ్బలు ఎక్కాక తగిలేవి తక్కువ, నేల మీద తగిలేవే ఎక్కువ. నా సంగతే చెబుతాను. మొదటి పిల్లని ఓ సాయంత్రం రెండు నిమిషాల పనే కదా అని నులకమంచం కోడుకి కట్టాను. ఎక్కడో కుక్కర్ విజిల్ వేసింది. పిల్ల తల ఎగరేసింది, మంచం కదిలింది. ఆ చప్పుడుకి పరుగు అందుకుంది. అది పరిగెత్తిన కొద్దీ మంచం వెంటపడింది, మంచం వెంటపడిన కొద్దీ అది ఇంకా పరిగెత్తింది. ఆపుదామని తాడు చేతికి చుట్టుకున్నాను చూడండి, అది రెండో తెలివితక్కువ పని. అరచేతి తోలు ఊడొచ్చింది. పిల్ల మాత్రం ఆరు నెలలపాటు మంచం కనబడితే ఆ వైపు వచ్చేది కాదు.

కాబట్టి కదిలే దేనికీ కట్టొద్దు. గేటు, బండి చక్రం, రేకుల షెడ్డు కమ్మీ, ఏదీ వద్దు. లోతుగా పాతిన గుంజకి, గుర్రం భుజం ఎత్తులో, ఒక్క లాగుకి ఊడే ముడి వేయండి. గుంజకీ తాడుకీ మధ్య సుతిలి తాడు చుట్టొకటి పెడితే గట్టిగా గుంజినప్పుడు అదే తెగుతుంది, మెడ దక్కుతుంది. పట్టుకున్న తాడుని మడతలుగా పట్టుకోవాలి తప్ప చేతికి చుట్టకూడదు. ముక్కు కొస దగ్గరా, తోక వెనకా దానికి ఏమీ కనబడదు. భుజం వైపు నుంచి, ఏదో ఒక మాట అంటూ దగ్గరికి వెళ్ళండి.

స్థలం కూడా చూసుకోండి. ముళ్ళకంచె ఉన్న చోట పిల్లని వదలకండి, భయపడి తగులుకుంటే కాలి కండ చీరుకుపోతుంది. ఎండాకాలం నల్లరేగడి బీటల్లో గిట్ట దిగబడుతుంది. గట్టు లేని బావి గురించి వేరే చెప్పక్కర్లేదు.

డాక్టరు వచ్చినప్పుడు చేయించాల్సినవి: ధనుర్వాతం టీకా ముందు (గుర్రానికి ఆ జబ్బు చాలా సులువుగా వస్తుంది, మొదటి డోసు, నాలుగు నుంచి ఆరు వారాలకి రెండోది, తర్వాత ఏటా ఒకటి), నులిపురుగుల మందు, గ్లాండర్స్ అనే అంటుజబ్బుకి రక్తపరీక్ష. ఈ గ్లాండర్స్ మనుషులకీ అంటుతుంది. సంతలో కొన్న పిల్లకి ముక్కు నుంచి చిక్కటి చీమిడి కారుతున్నా, చర్మం మీద గడ్డలు పగులుతున్నా విడిగా ఉంచి వెంటనే పశుసంవర్ధక శాఖకి చెప్పాలి. అలాగే దవడ పళ్ళ ముందు చిన్న అదనపు పన్ను ఉందేమో చూడమనండి. కళ్ళెం ఇనుము దానికి తగిలితే పిల్ల తల విదిలించి లేస్తుంది, మనం దాన్ని పొగరు అనుకుంటాం.

తిండి విషయంలో మన వైపు ప్రత్యేకంగా ఒక ప్రమాదం ఉంది. పక్కనే కోళ్ళఫారం ఉంటే మిగిలిన దాణా గుర్రానికి వేసేవాళ్ళున్నారు. కోళ్ళ దాణాలో మోనెన్సిన్, సాలినోమైసిన్ లాంటి మందులు కలుపుతారు. కోడికి మేలు చేసే ఆ మోతాదే గుర్రం గుండె కండరాన్ని దెబ్బతీసి చంపేయగలదు. ఒక్క దోసెడు కూడా వద్దు. కోళ్ళ దాణా కలిపిన గమేలాలోనే గుర్రం దాణా కలపడం కూడా వద్దు. ఇక ఉలవలు. సవారీ నేర్పుతున్నాం, బలం కావాలని ఉలవలు పెంచేస్తారు. పని మొదలవకముందే ఉలవలు పెరిగితే ఆ బలమంతా ఎగరడానికే పోతుంది. వాంతి చేసుకోవడం గుర్రానికి చేతకాదు, కడుపులో తేడా వస్తే కడుపునొప్పితోనే పోతుంది. గడ్డే ప్రధానం, దాణా పైపైన, మార్చాలంటే వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా.

జీను రోజుకి ముందు కనీసం రెండు మూడు నెలలు నేల మీద పని ఉండాలి. నడిపించడం, ఆపడం, వెనక్కి అడుగు వేయించడం, నాలుగు కాళ్ళూ ఎత్తనివ్వడం. పొడవాటి తాడుతో గుండ్రంగా తిప్పేటప్పుడు చిన్న వలయం కీళ్ళని నలిపేస్తుంది. పదిహేను మీటర్ల అడ్డకొలతకి తగ్గకుండా, రెండు వైపులా, మొత్తం పదిహేను ఇరవై నిమిషాలు చాలు. ముళ్ళ లగాం ఎవరైనా ఇస్తే తీసుకోకండి. అది క్రూరత్వమే కాదు, 1965 నాటి కేంద్ర నియమాల ప్రకారం నిషేధం కూడా.

మొదటి రోజు ఖాళీ జీను మాత్రమే. పొట్ట పట్టీ ఒక్కసారిగా బిగించొద్దు. ఒక రంధ్రం బిగించి పది అడుగులు నడిపించి, మళ్ళీ ఒకటి. పట్టీ బిగియగానే ఊపిరి బిగపట్టి వీపు గూనిలా పెట్టిందంటే ఎగరబోతోందన్నమాట. పక్కకి జరగండి, కొట్టకండి. వారం పది రోజులు అలా ఖాళీ జీనుతో తిరిగాకే మనిషి. అప్పుడూ ముందు అడ్డంగా పొట్ట మీద వాలడమే. పాదం రికాబులో పెట్టకుండా వాలితే పిల్ల కదిలినా జారి దిగిపోవచ్చు. తల దగ్గర పిల్లకి బాగా అలవాటైన మనిషి ఉండాలి. హెల్మెట్ తప్పనిసరి. చెప్పులతో ఎక్కొద్దు, పాదం రికాబులోంచి దూరిపోయి పడితే ఈడ్చుకుపోతుంది. మడమ ఉన్న బూట్లు వేసుకోండి. కుక్కలు, పిల్లలు, రీల్ తీస్తానని వచ్చే మేనల్లుడు, అందరూ బయటే. ఇద్దరు చాలు.

ఆ రోజు గాలి జోరుగా ఉన్నా, పక్క ఊళ్ళో డీజే మోగుతున్నా, పిల్ల పొద్దున మేత వదిలేసినా పని మానేయండి.

ఇన్ని చేసినా ఏదో ఒక రోజు తాడు జారి పరిగెడుతుంది. వెంటపడొద్దు, బైకు తీయొద్దు. వెంటపడితే అది రోడ్డు దాకా వెళుతుంది. రోడ్డు వైపు ఒక మనిషిని నిలబెట్టి, మీరు దాణా బకెట్ తీసుకుని చప్పుడయ్యేలా ఆడిస్తూ, దాని కళ్ళలోకి చూడకుండా, పాక వైపు నడవండి. మాది ఏ రోజూ పావుగంట మించి బయట ఉండలేదు.